పాత కారు, మారిన ఇంజన్: ధర దేనికి కడుతున్నాం?

1990లో లండన్ హైకోర్టులో ఒక కారు మీద వ్యాజ్యం నడిచింది. ఆ కారు 'ఓల్డ్ నంబర్ వన్' అని పేరుపడ్డ బెంట్లీ స్పీడ్ సిక్స్. 1929, 1930 సంవత్సరాల్లో వరసగా రెండుసార్లు లె మాన్ 24 గంటల పందెం గెలిచిన బండి. దాదాపు కోటి పౌండ్లకు బేరం కుదిరాక కొనే కంపెనీ అడ్డం తిరిగింది. లె మాన్ గెలిచిన నాటి సామాను ఇందులో చాలామటుకు మిగలలేదు, కాబట్టి ఇది ఆ కారే కాదు అన్నది వాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. పందేల కార్లను ప్రతి పోటీకీ విప్పి బిగిస్తారు. విరిగింది తీసేస్తారు, మెరుగైనది దొరికితే పెడతారు. ఈ కారుకైతే 1932లో బ్రూక్‌లాండ్స్ 500 మైళ్ల పందెం కోసం ఆరున్నర లీటర్ల ఇంజన్ దించి ఎనిమిది లీటర్ల ఇంజన్ ఎక్కించారు. ఆ పందెంలోనే కారు ట్రాక్ గట్టు మీంచి ఎగిరిపడి, నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత దానికి పూర్తిగా వేరే బాడీ కట్టారు.

అయినా జస్టిస్ ఆటన్ తీర్పు అమ్మకందారు వైపే వచ్చింది. కారు చరిత్రలో ఎక్కడా తెగుదల లేదనీ, మార్పులన్నీ ఒకే బండి మీద ఒకదాని వెనక ఒకటి జరిగినవేననీ, ఆ పేరు తనదని చెప్పుకోగల మరో బెంట్లీ లోకంలో లేదనీ ఆయన తేల్చారు. అమ్మకానికి పెట్టిన దాంట్లో ఇనుముతో పాటు ఆ చరిత్రా, ఆ పేరూ కూడా ఉన్నాయన్నది తీర్పు సారాంశం.

పాత కార్ల ధరల గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఈ తీర్పును ఎత్తుతారు. అయితే సగమే చెబుతారు. ఇంజన్ మారినా విలువ తగ్గదని కోర్టే అన్నట్టు అమ్మేవాళ్లు మాట్లాడతారు. కోర్టు అంత మాట అనలేదు. ఏ భాగం ఎప్పుడు, ఎవరి చేతిలో, ఎందుకు మారిందో వరసగా చూపించగలిగారు కాబట్టే ఆ బెంట్లీ నెగ్గింది. ఇంజన్ మార్పిడి విలువను తగ్గిస్తుందా, పెంచుతుందా అనే వాదం అమెరికా, యూరప్, మన దేశం మూడు చోట్లా మూడు రకాలుగా సాగింది. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, మార్పు కంటే మార్పుకు ఉన్న సాక్ష్యమే ధరను ఎక్కువగా కదిలిస్తోందని నా నమ్మకం. కొన్ని కార్ల విషయంలో మాత్రం ఎంత సాక్ష్యమున్నా లాభం లేదు. ముందు వాటి సంగతి.

అమెరికన్ కార్ల వ్యాపారంలో 'మ్యాచింగ్ నంబర్స్' అన్న మాట లేకుండా బేరం మొదలుకాదు. ఫ్యాక్టరీలో ఆ ఛాసిస్‌కు బిగించిన ఇంజనే ఇప్పటికీ ఉందని దాని అర్థం. షెవ్రోలె కార్వెట్‌నే తీసుకుందాం. ఇంజన్ బ్లాకు ముందు భాగంలో, కుడివైపు హెడ్ పక్కన, చదునైన చిన్న ప్యాడ్ ఉంటుంది. ఇంజన్‌ను ఏ ప్లాంటులో, ఏ తేదీన కూర్చారో, అది ఏ రకమో తెలిపే కోడ్ దాని మీద కొడతారు. 1960ల నుంచి కారు సీరియల్ నంబరులోని అంకెలు కూడా అక్కడే పడ్డాయి. బ్లాకును పోతపోసిన తేదీ మరోచోట అచ్చులోనే ఉబ్బెత్తుగా ఉంటుంది. పోత తేదీ, కూర్పు తేదీ, కారు బయటికొచ్చిన తేదీ మూడూ సరైన వరసలో, సహేతుకమైన ఎడంతో ఉండాలి. పోత తేదీ కారు తేదీ కంటే తర్వాతిదైతే ఇక చర్చే లేదు, ఇంజన్ మారినట్టే.

ఇంత పట్టింపు ఎందుకు వచ్చిందో అర్థం కావాలంటే ఆనాటి అమ్మకపు పద్ధతి తెలియాలి. 1960ల అమెరికాలో ఒకే బాడీకి అరడజను ఇంజన్లు దొరికేవి. కొనేవాడు ఆర్డరు ఫారం మీద టిక్కు పెట్టి ఎంచుకునేవాడు. 1967 కార్వెట్‌లో ఎల్88 అనే ఇంజన్ కోరుకున్నవాళ్లకు వెళ్లిన కార్లు మొత్తం 20. అది రేసుల కోసం చేసిన 427 క్యూబిక్ అంగుళాల ఇంజన్. ఆ ఇరవై కార్లలో ఒకదాని నుంచి ఆ ఇంజన్ తీసేస్తే, మిగిలేది వేల కార్వెట్లలో మరొకటి. దాని ధరలో సింహభాగం బానెట్ కింద ఉన్నదానిదే. ఇలాంటి కారుకు అచ్చం అదే రకం ఇంజన్ వేరేచోట నుంచి తెచ్చి పెట్టి, పత్రాలన్నీ చూపించినా పాత ధర రాదు. పైన నేను మినహాయించింది ఈ కోవ కార్లనే.

నంబరుకు ఇంత ధర పలికితే దొంగ నంబర్లు పుట్టకుండా ఉంటాయా? ప్యాడ్‌ను మిల్లింగ్ చేసి పాత ముద్రను చెరిపేసి, కావలసిన అంకెలు కొట్టడం ఒక పరిశ్రమే అయింది. ఫ్యాక్టరీలో బ్లాకు పైభాగాన్ని చెక్కినప్పుడు ప్యాడ్ మీద సన్నటి సమాంతర గీతలు పడతాయి. మామూలు లేత్ పనిలో ఆ గీతలు రావు. అందుకే ఈనాటి పరీక్షకులు అంకెల కంటే ముందు ఆ గీతల్నే భూతద్దంతో వెతుకుతారు. 1974లో ఏర్పడ్డ నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ జడ్జీలకు ఇదే పెద్ద విద్య. అలాగని ఆ గీతలు చెరిగిన ప్రతి బ్లాకూ దొంగది కాదు. హెడ్ గ్యాస్కెట్ పదేపదే కాలిపోతుంటే బ్లాకు పైభాగాన్ని ఫేసింగ్ చేయించడం ఏ షెడ్డులోనైనా చేసే పనే. అలా నిజాయితీగా మరమ్మతు చేయించుకున్న యజమాని కూడా అనుమానం పాలయ్యాడు. వారంటీ కాలంలో కంపెనీయే మార్చి ఇచ్చిన ఇంజన్లున్నాయి. షెవ్రోలె వాటి మీద 'సీఈ' అనే ముద్ర వేసింది. కంపెనీ తప్పుకు కంపెనీయే ఇచ్చిన ఆ బ్లాకు కూడా అసలు ఇంజన్ లెక్కలోకి రాదు. దానికి తోడుగా డీలరు ఇచ్చిన నాటి బిల్లు ఉంటే మాత్రం ధర చాలావరకు నిలబడుతుంది. బిల్లు లేకపోతే ఆ బ్లాకు గురించి చెప్పేదంతా కథ కిందే జమ.

బ్రిటన్‌లో జాగ్వార్ ఈ-టైప్ సంగతి వేరు. 1961లో 3.8 లీటర్లతో వచ్చి 1964లో 4.2 అయిన ఆ ఆరు సిలిండర్ల ఎక్స్‌కే ఇంజన్, జాగ్వార్ పెద్ద సెడాన్లలోనూ ఉన్నదే. తుప్పు పట్టి పోయిన సెడాన్ల ఇంజన్లు ఎన్నో ఈ-టైపుల్లోకి చేరాయి. నడిపేవాడికి తేడా దాదాపు తెలియదు. పైగా కంపెనీ పాత రికార్డులు భద్రంగా ఉండడంతో, ఛాసిస్ నంబరు చెబితే దానికి పుట్టినప్పుడు ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్, ఏ బాడీ నంబరు, ఏ రంగు ఉండేవో హెరిటేజ్ ట్రస్టు సర్టిఫికెట్ రాసి ఇస్తుంది. ఇంజన్ మారిందన్నది అక్కడ ఎవరూ దాచలేని విషయం. దాచలేనిది కాబట్టి దాని మీద గొడవా తక్కువే. ధర కొంత తగ్గుతుంది, బేరం ముందుకు సాగుతుంది.

జర్మన్ పోర్షే 356 కరేరా దీనికి సరిగ్గా ఎదురు కొసన ఉంటుంది. ఎర్నెస్ట్ ఫుర్‌మన్ రూపొందించిన నాలుగు క్యామ్‌షాఫ్ట్‌ల ఇంజన్ దాని ప్రాణం. దాన్ని సరిగా టైమింగ్ పెట్టి కూర్చడం కొద్దిమంది మెకానిక్‌లకే చేతనయ్యేది, ఖర్చూ విపరీతం. విసిగిన యజమానులు దాన్ని దించి మామూలు 356 ఇంజన్ పెట్టుకుని హాయిగా తిరిగారు. ఆనాడు అది తెలివైన పని. తర్వాతి తరం ఆ దించేసిన ఇంజన్ల కోసం దేశదేశాలూ గాలించింది. ఈ రెండు కార్ల మధ్య తేడాలో ఒక సూత్రం కనిపిస్తుంది. తన చవక తోబుట్టువుల నుంచి ఒక కారును వేరుచేసేది ఇంజనే అయితే, అది పోతే విలువ కుప్పకూలుతుంది. వేరుచేసేది బాడీయో, చరిత్రో, యజమాని పేరో అయితే, దెబ్బ తగిలినా కారు తట్టుకుంటుంది.

ఫెరారీ దగ్గర ఈ వ్యవహారాన్ని కంపెనీయే చేతుల్లోకి తీసుకుంది. 2006లో మొదలైన ఫెరారీ క్లాసికే విభాగం కారును పాత రికార్డులతో సరిచూసి ధ్రువపత్రం ఇస్తుంది. 2018లో అమెరికాలోని మాంటెరేలో 4.84 కోట్ల డాలర్లకు అమ్ముడైన 1962 నాటి 250 జీటీఓ ప్రచారంలో, పుట్టినప్పటి ఇంజన్, గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ ఇంకా ఉన్నాయన్న మాటకే పెద్దపీట వేశారు. విచిత్రమేమిటంటే ఆ కారు మీద ఉన్నది పుట్టినప్పటి బాడీ కాదు. 1964లో రేసుల కోసం ఫెరారీ తరఫునే స్కాలియెత్తి కొత్త రూపంలో కట్టిన బాడీ అది. కొనేవాళ్లెవరూ దాన్ని లోపంగా చూడలేదు. చేసింది సొంత ఇంటివాళ్లు, చేసిన కాలం ఆ కారు పందేల్లో తిరుగుతున్న కాలం. అక్కడితో ప్రశ్న ముగిసింది.

ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అన్న ఈ రెండు ప్రశ్నలే కొన్ని మార్పిళ్లను ఏకంగా ఎత్తుకు తీసుకెళ్లాయి. కరోల్ షెల్బీ 1962లో ఇంగ్లండ్ ఏసీ కంపెనీ వారి చిన్న స్పోర్ట్స్ కారులో అమెరికన్ ఫోర్డ్ వీ8 ఇంజన్ పెట్టించాడు. ఆ మార్పిడి పేరే కోబ్రా. ఇవాళ అసలైన కోబ్రా విలువ ముందు, అది పుట్టిన ఏసీ ఏస్ విలువ వెలవెలబోతుంది. పెన్సిల్వేనియాలో డాన్ యెంకో అనే షెవ్రోలె డీలరు 1967 నుంచి కమారో కార్లలో 427 ఇంజన్లు ఎక్కించి అమ్మాడు. ఆ డీలరు షెడ్డులో జరిగిన మార్పిడికి పత్రముంటే దాని ధర, ఫ్యాక్టరీ ఇంజన్‌తో ఉన్న మామూలు కమారోకు ఎన్నో రెట్లు. అదే పనిని అదే ఇంజన్‌తో ఇవాళ ఎవరైనా చేస్తే దాన్ని నకలు అంటారు. లోహంలో తేడా లేదు, తేదీలోనూ పేరులోనూ ఉంది.

ఈ సూత్రానికి లొంగని కొత్త వర్గం ఒకటి పదిహేనేళ్లుగా పెరుగుతోంది. కాలిఫోర్నియాలో 2009లో మొదలైన సింగర్ సంస్థ 1990ల తొలినాళ్ల పోర్షే 911లను పూర్తిగా విప్పి, ఇంజన్‌ను పెంచి, బాడీని కార్బన్ ఫైబర్‌తో తిరిగి కట్టి ఇస్తుంది. ఖర్చు అర మిలియన్ డాలర్లకు పైమాటే. అసలుదనం అనేది అందులో కావాలనే వదులుకున్న వస్తువు. అయినా ఆ కార్లకు వరస కట్టి నిలబడతారు. వాటిని పాత కార్ల ధరలతో పోల్చడం నాకు సరిగా తోచదు. అవి పాత ఛాసిస్ మీద కట్టిన కొత్త కార్లు, వాటి మార్కెట్ వేరు. పక్క వీధిలో ఎవరో ఇంజన్ మార్చిన 911 అమ్మేవాడు సింగర్ ధరను చూపించి బేరమాడితే నమ్మకూడదు.

ఇక మన దేశం. ఇక్కడికి వచ్చేసరికి ఈ కొలబద్దలు చాలా వరకు పనికిరావు, ఎందుకంటే మన దగ్గర ఇంజన్ మార్చింది సరదాకో వేగానికో కాదు. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో కార్లు కూర్చడం మొదలుపెట్టి 1954లో మూసేసింది. అంతకుముందు సంస్థానాలూ, జమీందార్లూ, వకీళ్లూ, డాక్టర్లూ కొన్న షెవ్రోలెలూ బ్యూక్‌లూ డాడ్జ్‌లూ దేశమంతా తిరుగుతూనే ఉన్నాయి. దిగుమతి లైసెన్సుల కాలంలో వాటికి పిస్టన్ రింగులు కూడా దొరకడం గగనమైంది. 1973 తర్వాత పెట్రోలు ధర చుక్కల్లోకి వెళ్లింది. లీటరుకు ఏ ఐదారు కిలోమీటర్లో ఇచ్చే పెద్ద ఇంజన్‌కు బోరింగ్ చేయించి, స్లీవులు వేయించి, పెట్రోలు పోసి నడిపే స్తోమత ఎవరికుంది? డీజిల్ చవక. పెర్కిన్స్ ఇంజనో, మ్యాటడార్ ఇంజనో, ఏదీ కుదరకపోతే అంబాసిడర్ ఇంజనో వేయించుకున్నారు. అలా వేయించుకోని బండ్లలో ఎక్కువ భాగం కిలోల లెక్కన తూకానికి వెళ్లాయి. ఇవాళ మనం ర్యాలీల్లో చూసి మురిసిపోయే ఎన్నో కార్లు మిగలడానికి కారణం, ఒకప్పుడు వాటిలో పరాయి ఇంజన్ పడడమే.

ఆ పని చేసిన మెకానిక్‌ల పనితనం మీద నాకు అపారమైన గౌరవం. విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట్ల కంపెనీ డ్రాయింగులు లేవు, కొలతల పుస్తకాలు లేవు. ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ బోల్టు రంధ్రాలు కలవకపోతే మధ్యలో దళసరి ప్లేటు కోయించి కలిపారు. మౌంటింగులు సొంతంగా వెల్డింగ్ చేశారు. ప్రొపెల్లర్ షాఫ్టు పొడవైతే లేత్ మీద కోసి అతికి బ్యాలెన్స్ చేశారు. కింద ఛాసిస్‌ను కోయకుండా ఆ పని చేసినచోట, కారును మళ్లీ పాత ఇంజన్‌కు తీసుకెళ్లడం ఈనాటికీ సాధ్యం. ఫైర్‌వాల్ కోసి, క్రాస్ మెంబర్ తీసేసి ఇరికించినచోట ఆ దారి మూసుకుపోయింది. మన దగ్గర పాత అమెరికన్ కారు కొనేవాళ్లు బానెట్ ఎత్తి ఏ ఇంజన్ ఉందా అని చూస్తారు. కారు కిందకు దూరి, పాత మౌంటింగు రంధ్రాలు చెక్కుచెదరకుండా ఉన్నాయా అని చూడడం అంతకంటే ముఖ్యం. విలువలో పెద్ద తేడా అక్కడ తేలుతుంది.

జీపుల కథ మన పల్లెలకు మరీ దగ్గరిది. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ, ఆ తర్వాత మహీంద్రా వారి సీజే-3బీ. వాటి పెట్రోలు ఇంజన్లు పోయి డీజిల్ ఇంజన్లు వచ్చాయి. మహీంద్రా కంపెనీయే తర్వాత తన జీపులకు ట్రాక్టర్ ఇంజన్ వంశానికి చెందిన డీజిల్‌నూ, ప్యూజో లైసెన్సు డీజిల్‌నూ పెట్టింది కాబట్టి మెకానిక్‌కు ఆ మార్పు సులువైంది. మామూలు సీజే-3బీకి డీజిల్ ఉంటే పల్లెలో అది లోపం కాదు, చాలామందికి కావలసింది అదే. యుద్ధకాలపు జీపు విషయంలో మాత్రం ఇప్పుడు లెక్క మారింది. ఫోర్డ్ తాను చేసిన భాగాల మీద, ఆఖరికి బోల్టుల మీద కూడా 'ఎఫ్' అక్షరం వేసింది. ఆ అక్షరమున్న బోల్టుల కోసం వెతికే సేకర్తలు, ఇంజన్ వేరైతే ముఖం తిప్పుకుంటారు.

అంబాసిడర్ దగ్గర 'మ్యాచింగ్ నంబర్స్' అన్న పట్టింపును అమెరికా నుంచి తెచ్చి అంటించడం అర్థంలేని పని. 1489 సీసీ బీఎంసీ ఇంజన్ దశాబ్దాల పాటు మౌలికంగా మారకుండా వచ్చింది. మార్క్ 3 బ్లాకు మార్క్ 2లో చక్కగా కూర్చుంటుంది. టాక్సీ యజమానులు, ప్రభుత్వ గ్యారేజీలు ఓవర్‌హాలింగ్ చేసిన ఇంజన్‌ను సిద్ధంగా పెట్టుకుని, పాతది దించి అది ఎక్కించి బండిని అదే రోజు రోడ్డెక్కించేవారు. 1990ల్లో హిందుస్థాన్ మోటార్సే అంబాసిడర్‌లో ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్ పెట్టాక, పాత బండ్లలోకి కూడా అది, దాంతోపాటు ఐదు గేర్ల గేర్‌బాక్సూ దూరాయి. రోజూ నడిపేవాడికి అలాంటి బండి అంటే ప్రాణం, ఎక్కువ ధరే ఇస్తాడు. సేకర్త అదే బండిని వద్దంటాడు. ప్రీమియర్ పద్మినిలో 118ఎన్ఈ కారు నిస్సాన్ ఇంజన్ పెట్టించుకున్నవాళ్లదీ ఇదే అనుభవం. ఒకే మార్పుకు రెండు ధరలున్నప్పుడు, నేను ఎవరికి అమ్మబోతున్నాను అన్న ప్రశ్న మార్చకముందే వేసుకోవాలి.

సంస్థానాల కార్లది మరో లోకం. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ చూసినవాళ్లకు, అందులోని సింహాసనం లాంటి ఆసనం గుర్తుండిపోతుంది, ఇంజన్ కాదు. ఆ కోవ కార్లలో విలువ మొదట యజమాని పేరుకు, తర్వాత ప్రత్యేకంగా కట్టించిన బాడీకి. ఇంజన్ ఆ తర్వాతే. అసలు ఇంజన్ కూడా ఉంటే సంతోషం.

చట్టం ఈ తేడాల్ని ఎలా చూస్తోంది? కేంద్ర రవాణా శాఖ 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లకు 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, తర్వాత తిరిగి రిజిస్టర్ చేయించడానికి 5,000. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో గణనీయమైన మార్పు జరిగి ఉండకూడదు అన్నది షరతు. మామూలు రిజిస్ట్రేషన్‌లో ఉన్న బండికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉండనే ఉంది. తయారీదారు మొదట చెప్పిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా నొక్కి చెప్పింది.

బ్రిటన్‌లో భారీగా మార్చిన వాహనాల గుర్తింపు కోసం చాలా ఏళ్లు నడిచిన పాయింట్ల పద్ధతిని దీని పక్కన పెట్టి చూడండి. ఛాసిస్‌కు 5, సస్పెన్షన్‌కు 2, యాక్సిళ్లకు 2, గేర్‌బాక్స్ వరసకు 2, స్టీరింగ్‌కు 2, ఇంజన్‌కు 1. అసలు ఛాసిస్‌తో కలిపి ఎనిమిది పాయింట్లు వస్తే పాత నంబరు నిలిచేది. అంటే ఇంజన్ పూర్తిగా మారినా బండి గుర్తింపు పోయేది కాదు. మన నిబంధన ఇంజన్‌ను ఛాసిస్‌తో సమానంగా నిలబెట్టింది. మన ఆర్‌సీ మీద ఛాసిస్ నంబరు పక్కనే ఇంజన్ నంబరు అచ్చవుతుంది కాబట్టి, రవాణా శాఖ కంటికి ఆ రెండూ ఒకే బరువు.

ఈ నిబంధన ఉద్దేశం మంచిదే. దొంగ బండి ఇంజన్‌ను పాత ఛాసిస్‌లో దాచేవాళ్లను అది ఆపుతుంది. కాని నిన్న మోజుకొద్దీ పెట్టిన ఇంజన్‌నూ, 1975లో బండిని బతికించడానికి పెట్టించి ఆర్‌సీ పుస్తకంలో రాయించుకున్న డీజిల్ ఇంజన్‌నూ ఒకే గాటన కట్టడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తన గుర్తింపు కార్డుల్లో ఈ తేడా చూపిస్తుంది. ఫ్యాక్టరీ రూపంలో ఉన్నవి ఒక తరగతి, తమ కాలంలోనే మార్పు పొందినవి మరో తరగతి, ఆ తర్వాత మార్చినవి ఇంకో తరగతి. మనకు కావలసింది ఆ రెండో తరగతి. తెలుగువాళ్లకు దీన్ని ఉదాహరించి చెప్పడం కష్టం కాదు. 1982లో ఎన్.టి. రామారావు రాష్ట్రమంతా తిరిగిన చైతన్య రథం ఒక పాత షెవ్రోలె వ్యాన్. కొడుకు హరికృష్ణ నడిపిన ఆ బండిని ప్రచారానికి అనువుగా మార్పించారు. దాని చరిత్ర ఆ మార్పుల్లోనే ఉంది. వాటిని తీసేసి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వ్యాన్ లాగా చేస్తే, అసలుదనం పేరుతో దాని విలువంతా చెరిపేసినట్టు అవుతుంది.

ఫీవా 2012లో ఆమోదించిన టురిన్ ఛార్టర్ నాకు నచ్చింది కూడా ఇందుకే. ఇంజన్ మార్చొద్దని అది శాసించదు. తప్పనిసరై చేసే మార్పు వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలనీ, తీసేసిన ముఖ్యమైన అసలు భాగాలను బండితోపాటే భద్రపరచాలనీ అడుగుతుంది. ఎలక్ట్రిక్ మార్పిడి మీద ఇప్పుడు జరుగుతున్న రగడకూ ఇదే గీటురాయి. జాగ్వార్ 2017లో పెట్రోలు ఇంజన్ తీసేసి ఈ-టైప్ జీరో చేసింది. 2018 మేలో ప్రిన్స్ హ్యారీ పెళ్లినాడు లోకమంతా దాన్ని చూసింది. అదే ఏడాది చివర్లో ఆస్టన్ మార్టిన్, పాత ఇంజన్ మౌంటింగుల మీదే కూర్చునేలా, మళ్లీ తీసేయగలిగేలా బ్యాటరీ పెట్టెను రూపొందించింది. ఫీవా మాత్రం మోటారు పెట్టిన కారును చారిత్రక వాహనంగా ఒప్పుకోలేదు. అది సరైన మాటే. పాత కారులో సగం అనుభవం దాని చప్పుడు, వాసన, గేరు మార్చేటప్పటి వణుకు. అయినా ఆస్టన్ మార్టిన్ మార్గంలో ఇంజన్ గోడౌనులో క్షేమంగా ఉంటుంది కాబట్టి, రేపటి యజమానికి తిరిగి బిగించుకునే హక్కు మిగులుతుంది.

ఇదంతా చివరికి కొనేవాడికీ, ఉన్నవాడికీ ఏం చెబుతుంది? పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు ఎలా వరసగా చూస్తామో, పాత కారుకూ అలాగే చూడాలి. పాత ఆర్‌సీ పుస్తకంలోని ప్రతి పేజీ, యజమాని మారిన ప్రతి ఎంట్రీ, ఇంధనం పెట్రోలు నుంచి డీజిల్‌కు మారిన రోజు వేసిన స్టాంపు, షెడ్డు బిల్లులు, పాత ఫోటోలు. ఇంజన్ మారి ఆర్‌సీలో ఎక్కకపోతే ఆ బండి ఎంత అందంగా ఉన్నా ధర బాగా తగ్గించే అడగాలి. రేపు బదిలీకి, ఇన్సూరెన్సు క్లెయిముకు ఇబ్బంది అదే పెడుతుంది. ఇంజన్ ఏ బండిదో తెలియకపోతే పోలీసు చిక్కు కూడా మీ మెడకే. ఇంజన్ మారిందని అమ్మేవాడు తానే ముందు చెప్పి కాగితం చూపిస్తే, ఆ మనిషికి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చినా నష్టం లేదు.

బండి ఇప్పటికే ఉన్నవాళ్లకు నా మాట ఒక్కటే. పట్టేసిన పాత ఇంజన్‌ను తూకానికి అమ్మకండి. బ్లాకు పగిలినా, క్రాంక్ విరిగినా, నంబరున్న ఆ ఇనుప ముద్దకు తుక్కుకొట్టు ఇచ్చే నాలుగు వేలు దాని విలువ కాదు. పగిలిన పోత ఇనుమును కుట్టి అతికే పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నూనె పూసి, గోనె చుట్టి, నేల తేమ తగలకుండా చెక్కదిమ్మెల మీద పెట్టండి. ఫేసింగ్‌కో బోరింగ్‌కో పంపేముందు నంబరున్న ప్యాడ్‌ను దగ్గర్నుంచి ఫోటో తీసుకుని, ఆ చోటు ముట్టొద్దని లేత్ వాడికి చెప్పండి. మరో బ్లాకు మీద మీ పాత నంబరు కొట్టిస్తానని ఎవరైనా ముందుకొస్తే ఒప్పుకోకండి. అది నేరం, పైగా ఒకసారి బయటపడితే బండిలో నిజమైన భాగాలను కూడా ఎవరూ నమ్మరు. ఎప్పుడైనా కారు అమ్మితే, గోనెలో ఉన్న ఆ బ్లాకు నంబరును అమ్మకం కాగితంలో విడిగా రాయించి, కారుతోపాటే లారీ ఎక్కించండి.